రోటరీ మెషీన్‌తో నగిషీ చేతికర్ర చేయడం ఎలా

చేతికర్ర చేద్దామనుకునేవాళ్ళు చాలామంది మొదట వెతికేది డిజైన్. లత చెక్కాలా, నెమలి చెక్కాలా, పిడికి సింహం తలకాయ పెడితే ఎలా ఉంటుంది, ఇలా. అవన్నీ తర్వాత చూద్దాం. ఈ కర్ర మీద ఒక మనిషి బరువు ఆనుతుంది, చాలాసార్లు డెబ్బై దాటిన మనిషి బరువు, అదీ మెట్లు దిగేటప్పుడో, తడిగా ఉన్న బాత్రూం గుమ్మం దగ్గరో. అందుకే ఎంత చెక్క తీస్తున్నాం, ఎక్కడ తీస్తున్నాం అన్నదే ఈ పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

ఒక లెక్క చెప్తాను, పని మొదలుపెట్టే ముందే మనసులో పెట్టుకోండి. గుండ్రటి కర్ర ఎంత వంపును తట్టుకుంటుందనేది దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. 25 మిల్లీమీటర్ల కర్రను చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల లోతు తవ్వి 20కి తెచ్చారనుకోండి, కంటికి ఐదో వంతు తగ్గినట్టే కనిపిస్తుంది కానీ బలం దాదాపు సగానికి పడిపోతుంది. కర్ర చుట్టూ ఉంగరంలా లోతుగా గాడి తీయడం అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే నారలన్నీ ఒకే చోట తెగిపోతాయి, విరిగితే సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఉంగరాల డిజైన్ కావాలంటే పై పైన అర మిల్లీమీటరు గీతలతో సరిపెట్టండి.

కర్ర

టేకు అయితే మొదటిసారి చేసేవాళ్ళకు బాగుంటుంది. తేలిగ్గా ఉంటుంది, ఎండకూ వానకూ పెద్దగా వంగదు, మెషీన్‌కు బాగా లొంగుతుంది. కాకపోతే టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, మామూలు స్టీలు బిట్లు (మెషీన్ మూతికి తగిలించే చెక్కే మొనలు) తొందరగా మొద్దుబారతాయి. నల్ల తుమ్మ చేవ ఇంకా గట్టిది, బండి చక్రాలకూ నాగళ్ళకూ మనవాళ్ళు వాడిన కర్ర, నగిషీ అంచులు చాలా పదునుగా వస్తాయి, కానీ బరువు ఎక్కువ, చెక్కడానికి ఓపిక కావాలి. వేప మధ్యస్థంగా ఉంటుంది, నార అటూ ఇటూ మెలి తిరుగుతుంది కాబట్టి ముక్క చూసి తీసుకోవాలి. మగ వెదురు గట్టిదే, లాఠీలు దానితోనే చేసేవాళ్ళు, అయితే వెదురు బలమంతా పైపొరలో ఉంటుంది, దాన్ని చెక్కేస్తే కర్రకు మిగిలేదేమీ ఉండదు, అందుకే వెదురు మీద లోతు నగిషీ వద్దంటాను. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెయ్యి అలవాటు కావడానికి చక్కగా పనికొస్తాయి. వెన్నలా తెగుతాయి. బరువు మోసే కర్రకు మాత్రం వాటిని వాడకండి.

ఎర్రచందనం గురించి అడిగేవాళ్ళు ఉంటారు. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దానితో ఎంత అందమైన శిల్పాలు చేస్తారో చూసినవాళ్ళకు ఆశ పుట్టడం సహజమే. కానీ సరైన కాగితాలు లేకుండా ఆ దుంగ ముక్క దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది. ఎవరో తక్కువకు ఇస్తున్నారని తీసుకోకండి.

సామిల్లుకో టింబర్ డిపోకో వెళ్ళినప్పుడు 30 మిల్లీమీటర్ల చదరం, మూడు అడుగుల పొడవు ముక్క అడగండి. ముక్కను నాలుగు వైపులా తిప్పి చూడండి, నార గీతలు పొడవునా సమాంతరంగా వెళ్ళాలి. ఒక అడుగు పొడవులో గీత అంగుళం కంటే ఎక్కువ పక్కకు జారిపోతుంటే ఆ ముక్క వదిలేయండి, ఎంత అందమైన రంగున్నా సరే. కణుపులు, వెంట్రుక లాంటి బీటలు ఉన్నా వద్దు. ఒక చివర పట్టుకుని సిమెంటు నేల మీద నిలువుగా కొట్టి చూడండి, ఖంగుమని మోగితే మంచిది, పగిలిన కుండ చప్పుడు వస్తే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టే.

పొలం గట్టున కొట్టిన పచ్చి కొమ్మ అయితే రెండు చివర్లకూ పెయింటో మైనమో పూసి, నీడలో, ఏదైనా తిన్నటి బద్దకు కట్టి ఆరబెట్టాలి. చివర్లు పూయకపోతే అక్కడి నుంచే పగుళ్ళు మొదలవుతాయి. అంగుళం మందానికి ఏడాది అని ఒక లెక్క ఉంది కానీ అంతకంటే నమ్మకమైన పద్ధతి తూకం. వారానికోసారి తూచండి, వరసగా కొన్ని వారాలు బరువు తగ్గకుండా నిలబడిందంటే ఆరినట్టు.

కొలత

ఎవరి కోసం చేస్తున్నారో వాళ్ళను రోజూ వేసుకునే చెప్పులతో నిలబెట్టండి. చేతులు పక్కకు వదిలేయమనండి. నేల నుంచి మణికట్టు దగ్గరి ముడత వరకు కొలిస్తే అదే కర్ర మొత్తం ఎత్తు, పిడితో, అడుగున తొడిగే రబ్బరు బుష్‌తో కలిపి. కర్ర పట్టుకున్నప్పుడు మోచేయి కొద్దిగా, 15 నుంచి 20 డిగ్రీలు వంగాలి. ఎత్తు ఎక్కువైతే భుజం పైకి లేస్తుంది, తక్కువైతే నడుము వంగిపోతుంది. మనిషి దగ్గర లేకపోతే ఫోన్లో కొలిపించుకోండి, అంతే గానీ అందాజాగా కోయకండి. చివర్లో సర్దుకోవడానికి అడుగున రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి.

గుండ్రం చేయడం

తరిమెన (లేత్) ఉన్నవాళ్ళకు ఇది నిమిషాల పని. లేనివాళ్ళు రందాతో చిత్రిక పట్టి చేసుకోవచ్చు. 30 మిల్లీమీటర్ల చదరం అయితే ప్రతి అంచు నుంచి రెండు వైపులా దాదాపు 9 మిల్లీమీటర్ల దూరంలో పెన్సిల్ గీత గీయండి, మూలలను ఆ గీతల దాకా తీసేస్తే సరైన ఎనిమిది పలకలు వస్తాయి. కర్ర కిందికి వెళ్ళేకొద్దీ సన్నబడాలి కాబట్టి ముందు చదరాన్నే పైన 26, కింద 20 ఉండేలా వాలుగా చేసుకుంటే, ఆ 9ని కూడా అదే దామాషాలో తగ్గించుకుంటూ పోవచ్చు. ఎనిమిది పలకలను పదహారు చేసి, ఆ తర్వాత 80 నంబరు సాండ్‌పేపర్‌ను పట్టీలా కోసి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే గుండ్రం వచ్చేస్తుంది. పైన 25, కింద 19 మిగిలితే చాలు, 19 మిల్లీమీటర్ల రబ్బరు బుష్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. బుష్ కొన్నాకే అడుగు భాగాన్ని ఆఖరి కొలతకు తీసుకురండి, అది బిగుతుగా దిగాలి.

ఇక్కడ ఆగి ఒక పరీక్ష చేయండి. కర్రను నేల మీద నిలబెట్టి మీ బరువంతా దాని మీద వేయండి, కొంచెం పక్కకు వంచి కూడా చూడండి. చిటచిటమన్నా, ఒక వైపుకే ఎక్కువ వంగినా ఆ కర్ర మీద నగిషీకి టైం వృథా చేయొద్దు.

మెషీన్, బిట్లు

చేతిలో పట్టే చిన్న రోటరీ మెషీన్ సరిపోతుంది. డ్రెమెల్ 3000 అయితే 130 వాట్లు, 4000 అయితే 175 వాట్లు, ఈ స్థాయిలో ఏ కంపెనీదైనా పర్లేదు, స్పీడు మార్చుకునే చక్రం మాత్రం కచ్చితంగా ఉండాలి. వీలైతే ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ కూడా తీసుకోండి. మోటారును గోడకు కొక్కెంతో వేలాడదీసి చివరి పిడిని పెన్నులా పట్టుకుంటే చెయ్యి నొప్పి పుట్టదు, సన్నటి గీతలు వణక్కుండా వస్తాయి. ఆ షాఫ్ట్‌ను గట్టిగా మడవకండి, లోపలి తీగ వేడెక్కి పాడవుతుంది.

బిట్ల సెట్లు చూస్తే వంద ముక్కలుంటాయి, అందులో మీకు పనికొచ్చేవి ఐదారు. టంగ్‌స్టన్ కార్బైడ్‌వి తీసుకోండి. ఒక సన్నటి కోను, మూడు మిల్లీమీటర్ల గుండు, ఒక స్తూపం, దీపం వత్తి మంట ఆకారంలో ఉండేది ఒకటి, పిడిని మోటుగా తీయడానికి ముళ్ళు ముళ్ళుగా ఉండే పెద్ద బర్ ఒకటి, కళ్ళు చేయడానికి లోపల గుంటగా ఉండే గిన్నె బిట్ ఒకటి. కొనేటప్పుడు కాడ మందం చూసుకోండి, బజార్లో 2.35, 3, 3.2 మిల్లీమీటర్ల కాడలు మూడూ కలిసి దొరుకుతుంటాయి. బిట్ కాడను పట్టి బిగించే 3.2 కాలెట్‌లో 3 కాడ పెట్టి బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగేటప్పుడు మాత్రం ఊగుతుంది, ఒక్కోసారి ఊడి ఎగురుతుంది. ఏ కాడకు ఆ కాలెట్ వాడండి. కాడను పూర్తిగా లోపలికి తోసి, ఒక మిల్లీమీటరు వెనక్కి లాగి బిగించండి.

కళ్ళకు రక్షణ అద్దాలు (గాగుల్స్) లేకుండా స్విచ్ వేయొద్దు. ముక్కుకు ఎన్95 మాస్కు, చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి. కర్చీఫ్ కట్టుకుంటే చాలదు, ఈ మెషీన్ నుంచి వచ్చే పొడి పిండి కంటే మెత్తగా ఉంటుంది, టేకు పొడి కొంతమందికి దురదలు, దగ్గు తెప్పిస్తుంది. చేతి గ్లౌజులు, వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు, చున్నీ, ఇవి తిరిగే బిట్‌కు చుట్టుకుంటాయి, తీసేయండి. వరండాలో కూర్చుని, పక్క నుంచి టేబుల్ ఫ్యాన్ పెట్టి పొడి బయటికి పోయేలా చూసుకోండి. చిన్న పిల్లలున్న ఇంట్లో పని అయ్యాక ప్లగ్గు పీకేయడం అలవాటు చేసుకోండి.

డిజైన్ ఎక్కించడం

పిడి కింద ఒక బెత్తెడు జాగా నున్నగా వదిలేయండి, కుర్చీలోంచి లేచేటప్పుడు చాలామంది అక్కడే పట్టుకుంటారు. ఆ కింద ఒక అడుగు పొడవు నగిషీకి. మిగతా కింది భాగం ఖాళీగా ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం, అక్కడ కర్ర సన్నం, గడపలకూ మెట్లకూ తగిలేది అక్కడే. పైగా నగిషీ పక్కన నున్నటి చెక్క ఉంటేనే నగిషీ కంటికి ఆనుతుంది.

25 మిల్లీమీటర్ల కర్ర చుట్టుకొలత 78 మిల్లీమీటర్లు దాటుతుంది. అంత వెడల్పు కాగితం పట్టీ తీసుకుని దాని మీద లత గీయండి, కుడి అంచున ఆగిన తీగ ఎడమ అంచున అదే ఎత్తులో మొదలవ్వాలి, అప్పుడే చుట్టినప్పుడు అతుకు కనపడదు. మామిడి పిందెలు, తమలపాకులు, మల్లె మొగ్గలు ఈ పనికి బాగా కుదురుతాయి, ఎందుకంటే వీటి అంచులు వంపుగా ఉంటాయి, చెయ్యి కాస్త జారినా సర్దుకోవచ్చు. కాగితాన్ని పలచటి ఫెవికాల్‌తో కర్రకే అంటించి, దాని మీదుగానే చెక్కేయవచ్చు.

మెలి తిరిగిన తీగ కావాలంటే కర్ర పొడవునా నాలుగు నిలువు గీతలు, సమాన దూరంలో, గీయండి. ప్రతి 25 మిల్లీమీటర్లకూ ఒక అడ్డ గీత. ఒక గడి మూల నుంచి ఎదురు మూలకు వరసగా కలుపుకుంటూ పోతే, వంద మిల్లీమీటర్లకు ఒక చుట్టు చొప్పున చక్కటి మెలిక వస్తుంది. మాస్కింగ్ టేపును ఆ చుక్కల వెంట చుట్టి అంచు గీసుకుంటే గీత తిన్నగా ఉంటుంది.

చెక్కడం

కర్రను వైస్‌లో పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించండి. ఒళ్ళో పెట్టుకుని చెక్కొద్దు. మెషీన్ పట్టిన చేతి చిటికెన వేలు ఎప్పుడూ చెక్క మీద ఆని ఉండాలి. రెండో చెయ్యి బిట్‌కు వెనకే ఉండాలి, ముందుకు రాకూడదు.

మొదట కోను బిట్, ఇరవై వేల దగ్గర. డిజైన్ అంచు వెంట ఒక మిల్లీమీటరు లోతు గీత తీయండి. బిట్ తిరిగే దిశకు ఎదురుగా నడిపితే అది చెక్కను కొరుకుతూ మీ చెప్పుచేతల్లో ఉంటుంది. తిరిగే వైపే తోస్తే చక్రంలా దొర్లి పరిగెడుతుంది, గీత దాటిపోతుంది. నారకు అడ్డంగా వెళ్ళేటప్పుడు అంచులు లేస్తాయి, అక్కడ బరువు వేయకుండా రెండు మూడు సార్లుగా తీయండి. చెక్క నల్లబడి కాలిన వాసన వస్తే, ఒకే చోట ఎక్కువసేపు ఆగారనో, బిట్‌కు పొడి పట్టేసిందనో, స్పీడు ఎక్కువైందనో అర్థం. బిట్‌ను ఆపి ఇత్తడి బ్రష్‌తో దులపండి, జిగురు పట్టేస్తే థిన్నర్‌లో కాసేపు నానబెట్టండి.

తర్వాత గుండు బిట్‌తో, స్తూపం బిట్‌తో ఆకుల మధ్య జాగాను కిందికి దించాలి. ఇక్కడే అందరికీ చెయ్యి ఆగదు, ఇంకొంచెం లోతైతే ఇంకా బాగుంటుందనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర ఆపేయండి, మరీ అయితే రెండు. అదీ ఒకే ఎత్తులో కర్ర చుట్టూ తీయకుండా, ఆకులు మెట్లు మెట్లుగా ఒకదాని పక్కన ఒకటి కొంచెం పైకీ కిందికీ వచ్చేలా ముందే గీసుకుంటే, ఏ చోట చూసినా కొన్ని నారలు తెగకుండా పై నుంచి కింది దాకా ఉంటాయి. లత డిజైన్లు నాకు ఇష్టం కావడానికి ఇదీ ఒక కారణం, తీగ దానంతట అదే ఈ పని చేసిపెడుతుంది.

లోతు కనిపించడానికి నిజంగా లోతు తీయనక్కర్లేదు. ఆకు అంచును మంట ఆకారం బిట్‌తో ఒక వైపు ఏటవాలుగా వంచితే వెలుగు ఒక పక్క, నీడ ఒక పక్క పడి ఆకు పైకి లేచినట్టుంటుంది. నడిమి ఈనె కోనుతో ఒక్క గీత, పక్క ఈనెలు అవసరమైన చోట మాత్రమే. వెనకాల నేలంతా గుండు బిట్ కొనతో దగ్గర దగ్గరగా చుక్కలు పొడవండి. బిట్ జాడలు, ఎగుడుదిగుళ్ళు అందులో కలిసిపోతాయి, ఆకులు మరింత తేటగా కనపడతాయి.

మెషీన్ పట్టుకోలేనంత వేడెక్కితే ఆపి చల్లారనివ్వండి. గాలి రంధ్రాల్లో పొడి చేరకుండా చూసుకోండి.

చిలుక పిడి

పిడి గుండ్రటి బంతిలా చేయొద్దు, బరువు ఆనేవాళ్ళకు అది అరచేతిలో గుచ్చుకుంటుంది. అడ్డ పిడి మంచిది, 12 నుంచి 13 సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల మందం. నార పిడి పొడవు వెంటే వెళ్ళాలి. నార నిలువుగా ఉన్న ముక్క తీసుకుంటే చిలుక తలకాయ ఒక్క దెబ్బకు ఊడి వస్తుంది.

పక్క నుంచి చిలుక ఆకారం గీసి రంపంతో మోటుగా కోయండి, ముళ్ళ బర్‌తో గుండ్రం చేయండి. ముక్కు కొన గాలిలోకి పొడుచుకు రాకుండా మెడకు ఆని ఉండేలా ఉంచితే ఎక్కడ తగిలినా విరగదు. కన్ను గిన్నె బిట్‌తో ఒక్కసారి నొక్కితే గుండ్రంగా లేస్తుంది. మెడ ఉంగరం, ఈకలు రెండు పక్కలా, ముందు వైపు మాత్రమే. అరచేయి ఆనే పైభాగం, వేళ్ళు చుట్టే అడుగు భాగం నున్నగా ఉండాలి, అక్కడ ఒక్క ఈక కూడా వద్దు. మధ్య మధ్యలో పిడిని ఆ మనిషి చేతికే ఇచ్చి పట్టుకోమనండి, కీళ్ళ నొప్పులున్న చేతికి కాస్త లావు పిడి హాయిగా ఉంటుంది.

అతుకు కోసం ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) మర రాడ్డు ఏడున్నర సెంటీమీటర్ల ముక్క చాలు. కర్ర పై చివర చుట్టూ హోస్ క్లిప్పు బిగించి, ముందు సన్నటి డ్రిల్లు, తర్వాత 9 మిల్లీమీటర్ల డ్రిల్లుతో ఐదు సెంటీమీటర్ల లోతు తీయండి, క్లిప్పు ఉంటే చెక్క చీలదు. పిడి అడుగున రెండున్నర సెంటీమీటర్లు, అరచేయి ఆనే చోటుకు సరిగ్గా కింద. ఇత్తడి గొట్టం ముక్కను పొన్నులా కర్ర తలకు తొడిగితే అతుకూ దాగుతుంది, తల చీలకుండా బిగువూ ఉంటుంది. మెల్లగా గట్టిపడే రకం అరాల్డైట్ రెండు రంధ్రాల్లో వేసి, రాడ్డు దింపి, చిలుక ముక్కు నగిషీ ముందు వైపుకు సరిగ్గా తిరిగిందో లేదో చూసుకుని, ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం ఇక్కడ వాడొద్దు.

నునుపు, పాలిష్

నున్నటి భాగాలకు 120, 180, 240, 320 నంబర్లు వరసగా. నగిషీ లోపల సాండ్‌పేపర్ ముక్కను మడిచి మడత అంచుతో రుద్దండి, లేదా మెషీన్‌కు బ్రష్ తగిలించి తక్కువ స్పీడులో. ఆ బ్రష్‌లను పదిహేను వేల చుట్లు దాటించొద్దు, పోగులు ఊడి ముఖానికి కొడతాయి. 240 అయ్యాక తడి బట్టతో కర్రంతా ఒకసారి తుడిచి ఆరనివ్వండి, లేచిన నూగు 320తో పోతుంది.

నగిషీ తేటగా కనపడాలంటే ముదురు రంగు వుడ్ స్టెయిన్ నగిషీ మీదంతా పూసి, వెంటనే పై పైన తుడిచేయండి. గుంటల్లో రంగు నిలుస్తుంది, ఆకులు తేలతాయి.

లక్క పాలిష్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ స్పిరిట్‌లో కరిగేది కాబట్టి శానిటైజర్ రాసుకున్న చేతితో పట్టుకుంటే జిగటగా అయిపోతుంది. నేనైతే పిడికీ కర్రకూ పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌ను కొంచెం పలచ చేసి మూడు పూతలు వేస్తాను, ప్రతి పూతకూ మధ్య 400తో మెల్లగా రుద్ది. నగిషీలో పాలిష్ గుంటలు కట్టకుండా పొడి బ్రష్‌తో లాగేయాలి. నూనె మెరుపు ఇష్టమైతే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ పలచగా పూసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేయండి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్ళలో తడిపేసి బయట పరిచి ఆరేయండి.

ఆఖరున అడుగు. పాలిష్ పూర్తిగా ఆరాక, చెప్పులతో నిలబెట్టి మళ్ళీ కొలిచి, బుష్ మందం లెక్కలోకి తీసుకుని అదనపు ముక్క కోసేయండి, కోసిన చోట కూడా పాలిష్ పూయండి, లేకపోతే నీళ్ళు అక్కడి నుంచే ఎక్కుతాయి. బుష్ తొడిగాక ఒక మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకైతే నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలని చెప్పండి, చాలామంది అటూ ఇటూ తిప్పి పట్టుకుంటారు. బుష్ అడుగున గీతలు అరిగి నున్నగా అయ్యాయంటే మార్చేయాలి, ఒకటి అదనంగా కొని కర్రతో పాటే ఇవ్వండి.